మోడల్ రైలు విస్తరణ: హాలు గోడకు పలకా, మిద్దె మీద గదా?

నెల్లూరు, కావలి వైపు ఇళ్లలో హెచ్‌ఓ (అసలు రైలులో 87వ వంతు) మోడల్ రైలు ఉన్నవారికి, పట్టాలు పొడిగించి వీడియో తీయాలనుకున్నప్పుడు, హాలు గోడ వెంట పలక వేయించాలా, మిద్దె మీది గదికి మార్చాలా అన్న సందేహం తప్పదు.

చోటు: 1:87 నిష్పత్తిలో ఎల్‌హెచ్‌బీ (జర్మన్ నమూనా) బోగీ 27 సెంటీమీటర్లు, 12 బోగీలైతే మూడుంబావు మీటర్లు. పలకపై అది తిన్నగా సాగుతుంది గానీ, మూలల్లో వంపు ఇరుకైతే బోగీలు పట్టాలు తప్పుతాయి. మిద్దె గదిలో వంపు విశాలంగా తిప్పి, పెన్నా వంతెననో, ఆవిరి ఇంజన్ల నాటి బిట్రగుంట షెడ్డునో కూడా కట్టుకోవచ్చు.

ఖర్చు: పలకకు ప్లైవుడ్, వడ్రంగి కూలి చాలు, గదికి వైరింగూ తోడవుతుంది.

వాతావరణం: అసలు చిక్కు ఇదే. రోహిణి కార్తెలో మిద్దె గది కొలిమిలా కాగుతుంది. అతుకుల వద్ద వెంట్రుకవాసి సందు వదలకపోతే పట్టాలు పక్కకు వంగుతాయి, నవంబరు వానల తేమకు రంగు వేయని ప్లైవుడ్ ఉబ్బుతుంది. హాలులో ఈ బెడద తక్కువ.

చిత్రీకరణ: హాలు గోడకు లేత నీలం పూస్తే అదే ఆకాశం, కానీ కెమెరాకు ఒక్క వైపే దొరుకుతుంది, పైగా కుక్కర్ ఈల రికార్డింగులో పడుతుంది. మిద్దె మీద రెండు వైపుల నుంచీ తీయవచ్చు. ఎక్కడైనా ఫోన్‌ను తలకిందులుగా పెట్టి లెన్సును పట్టాలకు దగ్గరగా దించాలి. ఈ నిష్పత్తిలో మనిషి రెండు సెంటీమీటర్లే కదా. మన కరెంటు 50 హెర్ట్జ్ కనుక, షట్టర్ వేగాన్ని 1/50 లేదా 1/100 సెకను వద్ద ఉంచితే ఎల్‌ఈడీ వెలుగు చారలు చాలావరకు తగ్గుతాయి.

అద్దె ఇంట్లో ఉండి, నాలుగైదు బోగీలతో తృప్తిపడేవారికి పలకే మేలు. సొంత మిద్దె ఉండి, పొడవాటి రైళ్లను తీయదలచినవారు, పైకప్పుకు చలువ సున్నం వేయించగలిగితేనే గదికి మారాలని నా అభిప్రాయం.