పాటల కంప్యూటర్‌కు ఏది మేలు: సీడీయా, హార్డ్ డిస్కా, ఎస్ఎస్‌డీనా?

రోజంతా పాటలు పెట్టుకుంటే హార్డ్ డిస్క్ తొందరగా పోతుందని చాలామంది నమ్మకం. ఏళ్ల తరబడి ఒకే డెస్క్‌టాప్ మీద పొద్దున సుప్రభాతం నుంచి రాత్రి కచేరీల దాకా వింటున్నాను. ఆ మాట సగమే నిజం.

320 కేబీపీఎస్ ఎంపీత్రీ పాటకు నిమిషానికి 2.4 ఎంబీ చాలు. డిస్క్ దాన్ని రెప్పపాటులో అందిస్తుంది. చదవడం వల్ల వచ్చే అరుగుదల లెక్కలోకి రాదు. అరగదీసేది ఆగడం, మళ్లీ కదలడం. కరెంటు ఆదా కోసం కొన్ని డిస్కులు, ముఖ్యంగా ల్యాప్‌టాప్‌లవి, కొన్ని సెకన్లు పని లేకపోతే డేటా చదివే హెడ్‌ను పక్కన పెట్టేస్తాయి. అంతలో ప్లేయర్ పాటలో తర్వాతి ముక్క అడుగుతుంది. టిక్ అని చిన్న చప్పుడుతో హెడ్ మళ్లీ వస్తుంది. ఇలాంటి రాకపోకలు 3 లక్షలో, 6 లక్షలో తట్టుకుంటుందని చాలా డిస్కుల వివరాల్లో రాసి ఉంటుంది. నిమిషానికి ఒకటి చొప్పున రాత్రింబవళ్లు జరిగితే రోజుకు 1,440. ఏడు నెలల్లో 3 లక్షలు నిండిపోతాయి! మీ డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే నమోదు చేసుకునే ‘స్మార్ట్’ నివేదికలో ‘లోడ్ సైకిల్ కౌంట్’ అనే అంకె ఒకసారి చూడండి.

దీనికి విరుగుడు ర్యామ్. ఫూబార్2000 అనే పాటల ప్లేయర్‌లో ఫైలు మొత్తాన్ని ముందే మెమరీలోకి తెచ్చుకునే సెట్టింగ్ ఉంది. అది పెట్టాక నా డిస్క్ పాట మధ్యలో టిక్కుమనడం మానేసింది. 2001లో వచ్చిన తొలి ఐపాడ్‌లోనూ ఇదే ఉపాయం: 32 ఎంబీ మెమరీలో ఇరవై నిమిషాల పాటలు నింపుకుని, లోపలి చిన్న హార్డ్ డిస్క్‌ను ఆపి ఉంచేది.

సీడీ డ్రైవ్‌కు ఈ వెసులుబాటు తక్కువ. పాట సాగినంతసేపూ మోటారు తిరగాలి, లేజర్ వెలగాలి. నా డ్రైవ్ మొదట ఇంట్లో రాసుకున్న సీడీలను తిరస్కరించింది, కొన్నవి మాత్రం పాడేది. రాసుకున్న సీడీల నుంచి కాంతి తక్కువగా తిరిగి వస్తుంది కాబట్టి లేజర్ నీరసించినా, లెన్స్‌కు దుమ్ము పట్టినా ముందు అవే ఆగిపోతాయి. తర్వాత ట్రే మొరాయించింది. ముందువైపు సన్నని రంధ్రంలో పిన్ను గుచ్చి డిస్కు బయటికి తీయాల్సి వచ్చేది.

ఇప్పుడు పాటలన్నీ ఎస్ఎస్‌డీలో, అంటే చిప్‌లలో డేటా దాచే డ్రైవ్‌లో ఉన్నాయి. దాన్ని అరగదీసేది రాయడమే. చదవడం వల్ల జరిగే నష్టం నామమాత్రం. తిరిగే భాగమే లేదు కాబట్టి ఆలాపన మెల్లగా మొదలయ్యే చోట వెనక ఆ గుయ్‌మనే రొద లేదు. నాకు ఆయుష్షు కన్నా ఇదే పెద్ద లాభం. గంట సీడీ, నాణ్యత తగ్గకుండా కుదించే ఫ్లాక్ ఫార్మాట్‌లో సుమారు 350 ఎంబీ అవుతుంది, 256 జీబీలో అలాంటివి ఆరు వందలకు పైగా పడతాయి.

అయితే ఎస్ఎస్‌డీని ఏళ్లపాటు కరెంటు లేకుండా బీరువాలో పెట్టకండి, అందులోని ఛార్జ్ నెమ్మదిగా కారిపోతుంది. అందుకే రెండో కాపీని పాత హార్డ్ డిస్క్‌లోనే ఉంచాను. కొత్త సీడీ కొంటే ఒక్కసారి ఫ్లాక్‌గా మార్చుకుంటాను, అంతవరకే సీడీ డ్రైవ్‌కు పని.