బల్ల దిగని ల్యాప్‌టాప్

కొన్నప్పుడు ఇచ్చిన బ్యాగు కొత్తదానిలాగే ఉండిపోయింది. ల్యాప్‌టాప్ మాత్రం అందులోకి వెళ్లకుండానే ముసలిదైంది. ఆరేళ్లు వాడాక డెస్క్‌టాప్‌కి మారాలా వద్దా అని తేల్చుకోలేక ఒకరోజు కూర్చుని లెక్కేశాను. అంతకుముందు ఏడాది మొత్తంలో అది నా బల్ల దిగింది పదకొండు సార్లు. అందులో నాలుగు సార్లు బల్ల తుడవడానికి.

నా పనేమిటో చెబితే గానీ మిగతాది అర్థం కాదు. హైస్కూలు పిల్లలకి లెక్కల పాఠాలు వీడియోలుగా చేస్తాను. పెన్ టాబ్లెట్ మీద రాస్తూ, మైకులో చెబుతూ స్క్రీన్ రికార్డు చేస్తాను. తర్వాత తడబడిన చోట్లు కత్తిరించి ఎక్స్‌పోర్టు కొడతాను, అంటే పూర్తయిన వీడియో ఫైలుగా బయటికి తీస్తాను. ఒక్కో పాఠం నలభై నిమిషాలు, వారానికి మూడు పాఠాలు. ఈ పనికి ఆరేళ్లు ఒక 15.6 అంగుళాల ల్యాప్‌టాప్ వాడాను. గత రెండేళ్లుగా విడిభాగాలు కొని బిగించుకున్న డెస్క్‌టాప్ వాడుతున్నాను.

మొదటి రెండేళ్లు ల్యాప్‌టాప్‌తో ఏ ఇబ్బందీ లేదు. మూడో ఏడాది నుంచి ఫ్యాన్ గోల మొదలైంది. నేను సరిగ్గా "ఎక్స్ స్క్వేర్" అనే సమయానికి అది ఊపిరి పీల్చుకునేది. రికార్డింగ్ వింటే నా గొంతు వెనకాల సన్నగా హోరు. దాన్ని తీసేసే ఫిల్టర్ వేస్తే గొంతు బకెట్లోంచి వస్తున్నట్టుండేది. చివరికి రికార్డు చేసే ముందు అన్నీ మూసేసి, పావుగంట దాన్ని ఊరికే వదిలేసి, చల్లబడ్డాక గబగబా పాఠం చెప్పడం అలవాటు చేసుకున్నాను. మిషన్ మూడ్ చూసుకుని పాఠం చెప్పాల్సి రావడం కొంచెం అవమానంగానే ఉండేది.

ఎక్స్‌పోర్టు సంగతి ఇంకోలా ఉండేది. బాక్సు మీద ప్రాసెసర్ వేగం 4 గిగాహెర్ట్జ్ అని ఉంది. అది అబద్ధం కాదు, కానీ అది పరుగు మొదలెట్టినప్పటి వేగం. రెండు మూడు నిమిషాల్లో ప్రాసెసర్ వేడెక్కి, తనను తాను కాపాడుకోవడానికి 2.6కి దిగిపోయేది. నలభై నిమిషాల పాఠం బయటికి రావడానికి చలికాలంలో యాభై అయిదు నిమిషాలు, ఎండాకాలంలో గంటా పది నిమిషాలు. కాస్త బరువు పనులకి చేసే ల్యాప్‌టాప్ ప్రాసెసర్లు 45 వాట్ల ప్రాంతంలో నడుస్తాయి. సన్నటి వాటిలో అయితే 15, 28 వాట్లే. డెస్క్‌టాప్ ప్రాసెసర్లు 65 నుంచి 125 వాట్ల దాకా ఉంటాయి, పైన వేడిని లాగేసే హీట్‌సింక్‌ని, అరచేతి కంటే పెద్దదాన్ని, కూర్చోబెట్టే చోటూ ఉంటుంది. వేలెడు మందం కూడా లేని పెట్టెలోంచి అంత వేడి బయటికి పోవాలంటే ఫ్యాన్ అరవక ఏం చేస్తుంది, పాపం. నాలుగో ఏడాదిలో విప్పించి దుమ్ము దులిపించి, ప్రాసెసర్ వేడిని బయటికి చేరవేసే థర్మల్ పేస్టు మార్పిస్తే ఎనిమిది నిమిషాలు కలిసొచ్చాయి. మీ పాత ల్యాప్‌టాప్ నెమ్మదించిందని కొత్తది కొనే ముందు ఈ పని చేయించి చూడండి.

గ్రాఫిక్స్ కార్డు పేర్ల దగ్గర మాత్రం జాగ్రత్త. అక్కడ పేరొకటి, సరుకొకటి. డెస్క్‌టాప్‌కి వచ్చే ఆర్‌టీఎక్స్ 4070లో 12 జీబీ మెమరీ, 5888 కోర్లు (లెక్కలు చేసే చిన్న చిన్న భాగాలు) ఉంటాయి. ల్యాప్‌టాప్‌లో అదే 4070 పేరుతో వచ్చేదానిలో 8 జీబీ, 4608 కోర్లు. అసలు చిప్పే వేరు. పైగా ల్యాప్‌టాప్ కంపెనీ దానికి 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా ఎంతైనా ఇవ్వొచ్చు. కాబట్టి ఒకే పేరున్న రెండు ల్యాప్‌టాప్‌లలో ఒకటి పరిగెడుతుంది, ఇంకోటి నడుస్తుంది. కొనేటప్పుడు పేరు అడగడంతో ఆగకుండా ఎన్ని వాట్లో కూడా అడగండి. అమ్మేవాళ్లు చెప్పలేకపోతే ఆ మోడల్ స్పెసిఫికేషన్ పేజీలో వెతకండి.

ఇక బ్యాటరీ. అయిదో ఏడాదిలో టచ్‌ప్యాడ్ నొక్కితే క్లిక్ అవడం మానేసింది. దుమ్ము చేరిందేమో అనుకుని మౌస్ పెట్టుకుని వాడేశాను. వారం తర్వాత పక్కనుంచి చూస్తే టచ్‌ప్యాడ్ ఉబ్బెత్తుగా లేచి ఉంది. లోపల బ్యాటరీ ఉబ్బి దాన్ని పైకి తోస్తోంది! అలా కనిపిస్తే ఛార్జర్ పీకేసి, ఆపేసి, పక్కన పెట్టేయాలి. నొక్కి సరిచేద్దామని చూస్తే నిప్పంటుకునే ప్రమాదముంది. ఆ సంగతి తెలియక నేను దాని మీద వారం రోజులు చేతులానించి పని చేశాను. తప్పు చాలావరకు నాదే. లిథియం అయాన్ బ్యాటరీకి పడనివి రెండు: ఎప్పుడూ నూటికి నూరు ఛార్జిలో ఉండటం, వేడి. నేను ఏళ్ల తరబడి ప్లగ్గు పీకకుండా ఆ రెండూ కలిపి పెట్టాను. ఛార్జింగ్‌ని 80 శాతం దగ్గర ఆపే సెట్టింగు ఆ ల్యాప్‌టాప్‌లో మొదటినుంచీ ఉందట. సర్వీసు సెంటరులో అబ్బాయి చెప్పేదాకా తెలీదు.

ఆ సర్వీసు సెంటరు పన్నెండు రోజులు తీసుకుంది. డేటా పోతే మాకు సంబంధం లేదని సంతకం కూడా పెట్టించుకున్నారు. ఉబ్బింది బ్యాటరీ ఒక్కటే, ఆగిపోయింది మాత్రం నా పనంతా. మొన్న డెస్క్‌టాప్ కీబోర్డు పాడైతే ఇంకోటి తగిలించి అదే పాఠం కొనసాగించాను.

అయితే నన్ను మార్చింది వేడీ కాదు, బ్యాటరీ కూడా కాదు. మెడ. ల్యాప్‌టాప్ స్క్రీను కళ్లకి ఎదురుగా ఉండాలంటే ఎత్తు మీద పెట్టాలి. అప్పుడు కీబోర్డు గాల్లోకి లేస్తుంది. కీబోర్డు సరైన ఎత్తులో ఉంటే తల వంచి కూర్చోవాలి. రెండూ ఒకదానికొకటి అతుక్కుని ఉన్నంతకాలం దీనికి మందు లేదు. అందుకని స్టాండు కొన్నాను. స్టాండు కొన్నందుకు విడి కీబోర్డు, మౌస్. తర్వాత 24 అంగుళాల మానిటరు. అన్నీ తగిలించడానికి పోర్టులు చాలక యూఎస్‌బీ హబ్. ఒక సాయంత్రం తలుపు దగ్గర నిలబడి బల్లకేసి చూస్తే అక్కడ డెస్క్‌టాప్ ఉంది. కాకపోతే సీపీయూ పెట్టె ఉండాల్సిన చోట మూత మూసిన ల్యాప్‌టాప్ ఆయాసపడుతోంది.

డెస్క్‌టాప్‌కి ఏఎండీ కంపెనీ రైజెన్ 5 7600 ప్రాసెసర్ తీసుకున్నాను. ఆరు కోర్లు, 65 వాట్లు, కూలర్ బాక్సులోనే వస్తుంది. 32 జీబీ డీడీఆర్5 ర్యామ్, ఫైళ్లు దాచుకోవడానికి ఒక టీబీ ఎన్‌వీఎంఈ డ్రైవు, ఆర్‌టీఎక్స్ 4060 కార్డు. పాత ల్యాప్‌టాప్‌లో సగం ర్యామ్ మదర్‌బోర్డుకే అతికించి ఉండేది. ఎంత తిప్పలు పడ్డా 12 జీబీ దాటలేదు. ఇందులో ఏ భాగమైనా నాలుగు స్క్రూల దూరం. ఏఎండీ వాళ్ల ఏఎం4 సాకెట్ (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు) 2016లో వచ్చింది. 2017 నాటి చాలా బోర్డుల్లో బయోస్ (బోర్డులోనే ఉండే మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసి 2022లో వచ్చిన ప్రాసెసర్ పెట్టుకున్నవాళ్లున్నారు. నాది దాని తర్వాతి ఏఎం5. ల్యాప్‌టాప్‌లో ఇలాంటి ఆశకి చోటే లేదు, ప్రాసెసర్ బోర్డులో భాగమైపోయి ఉంటుంది.

నేనే బిగిస్తానని పట్టుబట్టాను. మధ్యాహ్నం మొదలుపెడితే రాత్రయింది. స్విచ్ వేశాను. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, స్క్రీను నల్లగా ఉంది. ఒక నిమిషం, రెండు, మూడు. చెమటలు పట్టాయి. ఆపేసి అన్నీ విప్పుదామని చెయ్యి పెట్టబోతుండగా బొమ్మ వచ్చింది. డీడీఆర్5 ర్యామ్ మొదటిసారి ఆన్ చేసినప్పుడు బోర్డు దాన్ని పరీక్షించుకుని సర్దుకోవడానికి కొన్ని నిమిషాలు పడుతుందట, మెమరీ ట్రైనింగ్ అంటారు. ఈ ఒక్క ముక్క ముందు ఎవరైనా చెప్పి ఉంటే అంత టెన్షన్ ఉండేది కాదు.

రెండో ఘనకార్యం ఇంతకంటే గొప్పది. మానిటరు కేబుల్‌ని గ్రాఫిక్స్ కార్డుకి కాకుండా మదర్‌బోర్డుకి తగిలించాను. 7600లో సొంత గ్రాఫిక్స్ కూడా ఉండటంతో బొమ్మ చక్కగా వచ్చింది, అనుమానం రాలేదు. కార్డు మీద అంత ఖర్చు పెట్టినా పెన్నుతో రాస్తుంటే స్క్రీను మీద గీత ఎందుకు తడబడుతోందా అని రెండు వారాలు ఆలోచించాను. మా అమ్మాయి పెట్టె వెనక్కి వంగి చూసి, "అమ్మా, కింద తగిలించాల్సింది పైన పెట్టావు" అంది.

ఇప్పుడు నలభై నిమిషాల పాఠం తొమ్మిది నిమిషాల్లో ఎక్స్‌పోర్టు అవుతోంది, ఎండాకాలమైనా సరే. పెట్టె బల్ల కింద దూరంగా ఉంటుంది కాబట్టి మైకుకి దాని చప్పుడు వినపడదు.

చిరాకులూ లేకపోలేదు. ల్యాప్‌టాప్‌లో మనం గమనించనివి చాలా ఉంటాయి: కెమెరా, స్పీకర్లు, మైకు, వైఫై. నేను తీసుకున్న మదర్‌బోర్డులో వైఫై లేదని ఇంటికొచ్చాక తెలిసింది. ఒక్కొక్కటీ విడిగా కొంటూ పోతే మొదటి లెక్క తప్పింది. యూపీఎస్ కూడా కొనాలి. కరెంటు పోగానే అది కీచుమంటుంది, పది నిమిషాల్లో సేవ్ చేసి ఆపుకోవాలి. ల్యాప్‌టాప్ కాలంలో కరెంటు పోయిన సంగతి గదిలో ఫ్యాను ఆగితే గానీ తెలిసేది కాదు. ప్లగ్గు మీటరు పెట్టి చూస్తే, ఊరికే టైపు చేస్తున్నప్పుడు ల్యాప్‌టాప్ పాతిక వాట్ల లోపు తీసుకునేది. డెస్క్‌టాప్, మానిటరు కలిసి ఎనభై తీసుకుంటున్నాయి. మీ పని ఉత్తరాలు, లెక్కల పట్టికలు, ఆన్‌లైన్ మీటింగులే అయితే నా మాటలు విని డెస్క్‌టాప్ కొనకండి, దండగ.

ఇంకో మాట ఒప్పుకోవాలి. ఆ పదకొండు సార్లలో ఒక వారం అమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పటిది. వరండా కుర్చీలో ఒళ్లో పెట్టుకుని మూడు పాఠాలు ఎడిట్ చేశాను. ఆ వారం డెస్క్‌టాప్ ఎన్ని కోర్లదైనా నాకు పనికొచ్చేది కాదు. పాత ల్యాప్‌టాప్‌ని అందుకే అమ్మలేదు. ఛార్జింగు 80కి కట్టేసి అలమరలో పెట్టాను.

ఇప్పటి ల్యాప్‌టాప్‌లు నాదానికంటే చాలా నయమనీ చెప్పాలి. 2020లో ఎం1 చిప్‌తో వచ్చిన మ్యాక్‌బుక్ ఎయిర్‌లో అసలు ఫ్యానే లేదు. గొంతు రికార్డు చేసుకునేవాళ్లకి అది వరమే. నేను వాడే సాఫ్ట్‌వేర్ విండోస్‌లోనే నడుస్తుంది, అందుకే అటు పోలేదు. మినీ పీసీల గురించి కొందరు అడుగుతున్నారు. వాటిలో చాలావరకు ఉండేది ల్యాప్‌టాప్ ప్రాసెసరే. బల్ల మీద చోటు మిగులుతుంది, వేడి కథ మాత్రం కొంచెం అటూ ఇటూగా అదే.

ఈ ఏడాది మా అమ్మాయి కాలేజీలో చేరింది. డెస్క్‌టాప్ గురించి ఇంత మాట్లాడే నేను తనకి మారు మాట లేకుండా ల్యాప్‌టాప్ కొన్నాను. క్లాసు, లైబ్రరీ, హాస్టల్ మధ్య రోజుకి నాలుగు సార్లు మోసేవాళ్లకి వేరే దారి లేదు. మూడే చూశాను: బరువు ఒకటిన్నర కిలో లోపు ఉండాలి, 16 జీబీ ర్యామ్ మొదటినుంచే ఉండాలి, ఎస్ఎస్‌డీ మార్చుకునే వీలుండాలి. 80 శాతం సెట్టింగు మొదటిరోజే పెట్టించాను.

బ్యాగు కొంటానంటే, "ఎందుకమ్మా, నీది కొత్తదే ఉందిగా" అని అలమరలోంచి నా పాతది తీసుకెళ్లింది. రెండో నెలకే జిప్ ఊడిపోయిందని ఫొటో పంపింది.