ఊళ్లో వేసవి శిబిరం: మనం వెళ్లి నడపాలా, అక్కడివాళ్లతో నడిపించాలా?

ఫిబ్రవరి దాటిందంటే అమెరికాలో మేముండే న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఎవరింటికి భోజనానికి వెళ్లినా ఇదే ప్రశ్న. "అన్నయ్యా, మీరు ఊళ్లో పేదపిల్లలకు శిబిరం పెడుతున్నారు కదా, మేమూ మా ఊళ్లో పెడదామనుకుంటున్నాం. పిల్లలను తీసుకుని మేమే వెళ్లమంటారా, డబ్బు పంపి అక్కడివాళ్లతో నడిపించమంటారా?" నేను రెండూ చేశాను. వెళ్లి నడిపింది ఒక ఏడాది, నడిపించింది మూడేళ్లు. నా మొగ్గు ఎటో ఇందులోనే తెలిసిపోతుంది. అయినా వెళ్లడంలో ఉన్న మేలును దాచను.

అందరూ ముందు ఖర్చు అడుగుతారు. నేను ముందు క్యాలెండరు తీయమంటాను. మన రెండు రాష్ట్రాల్లోనూ బడులకు వేసవి సెలవులు ఏప్రిల్ నాలుగో వారంలో మొదలై జూన్ 11తో ముగుస్తాయి. 12న బడి గంట మోగుతుంది. న్యూజెర్సీలో మన పిల్లల బడులేమో జూన్ మూడో వారం దాకా నడుస్తాయి. మనకు సెలవులు వచ్చేసరికి వాళ్లకు అయిపోతాయన్నమాట. ఆ ఊళ్లో చదువుకుని పెరిగిన నేనే ఈ సంగతి మరిచిపోయాను. మొదటి ఏడాది పదకొండు మందిమి జూలై మొదటి వారంలో పల్నాడులోని మా ఊళ్లో దిగాం. "వేసవి శిబిరం" అని ఇక్కడే అచ్చు వేయించి పట్టుకెళ్లిన బ్యానరు, బడి గోడకు కట్టిన సాయంత్రమే వానకు తడిసి ఒక కొస ఊడి వేలాడింది. హెడ్మాస్టరు గారు ఏమీ అనలేదు, నవ్వారంతే. బడి వదిలాక నాలుగు నుంచి ఐదున్నర దాకా వాడుకోమన్నారు. పొద్దుటి నుంచి తరగతుల్లో కూర్చుని అలసిన పిల్లలు, పక్క ఊరి ఆటో వెళ్లిపోతుందని గేటు వైపే చూసే పిల్లలు. మేం మోసుకెళ్లిన రంగులూ ఫ్రిస్బీలూ ఆ గంటన్నరకే పరిమితం.

డాలస్, అట్లాంటా వాళ్లకు కాస్త వెసులుబాటు ఉంది. అక్కడ మే చివరికే బడులు మూసేస్తారు. కానీ అప్పుడు బయల్దేరితే చేతికి దొరికేది పది రోజులు, అవీ రోహిణి కార్తె రోజులు. రెంటచింతల చుట్టుపక్కల పుట్టి పెరిగినవాళ్లే ఆ ఎండలో పది దాటితే నీడ వదలరు. ఏసీల్లో పెరిగిన మన పిల్లలు మూడో రోజుకు పడక వేస్తే, వెళ్లిన పెద్దల్లో సగం మంది వాళ్లకు గ్లూకోజు కలపడంతోనే సరిపోతుంది.

ఊరి పిల్లలకు మనిషి సాయం కావలసింది మే నెలలో. బడి మూస్తే మధ్యాహ్న భోజనం ఆగుతుంది. అమ్మానాన్నలు ఎండ ముదరకముందే ఉపాధి పనికి వెళ్లిపోతారు. రెండో ఏడాది శిబిరం చూడడానికి నేనొక్కణ్ణే వారం రోజులు వెళ్లాను. మూడో తరగతి పిల్ల ఒకతె రోజూ రెండు స్టీలు పళ్లాలు తెచ్చేది. రెండోది ఎవరికని అడిగితే "తమ్ముడికి సార్" అంది. నాలుగో రోజు ఆ తమ్ముడే వచ్చి వరుసలో కూర్చున్నాడు, చొక్కా లేకుండా, జాబితాలో పేరూ లేకుండా.

ఆ శిబిరాన్ని నడిపింది నలుగురు: డీఎస్సీకి చదువుకుంటున్న ఇద్దరు అమ్మాయిలు, డిగ్రీ కుర్రాళ్లు ఇద్దరు. ఉదయం ఏడింటికి మొదలు, పదిన్నరకు భోజనం, ఎండ మండేలోపు అందరూ ఇళ్లకు. పిల్లల చదువు కోసం పనిచేసే ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ వాడే పద్ధతినే తీసుకున్నాం. ఏ తరగతి అన్నది పక్కన పెట్టి, అక్షరాలు మాత్రమే గుర్తుపట్టేవాళ్లు, పదాలు చదివేవాళ్లు, పేరా చదివేవాళ్లు, కథ చదవగలిగేవాళ్లు అని గుంపులు చేశారు. ఐదో తరగతి పిల్లవాడు రెండో తరగతి పిల్ల పక్కన కూర్చోవడానికి రెండు రోజులు మొహం ముడుచుకున్నాడు, తర్వాత మరిచిపోయాడు.

ఇప్పుడు ఖర్చు. 60 మంది పిల్లలు, 30 రోజులు, అన్నం పప్పు గుడ్డు మజ్జిగకు తలకు 40 రూపాయలు: 72,000. నలుగురికి పదేసి వేలు. పుస్తకాలు, చాపలు, మందుల పెట్టె కలిపి మరో 15,000. మొత్తం 1,27,000. మొదటి ఏడాది మాలో ఒక్కొక్కరి విమానం టికెట్టు దాదాపు అంతే అయింది.

మరి నడిపించడంలో లోటు లేదా? ఉంది. మన కన్ను లేకపోతే శిబిరం పది రోజుల్లో ట్యూషన్‌గా మారిపోతుంది. ఎక్కాలు వల్లె వేయించడం, నోట్సు రాయించడం. తల్లిదండ్రులకూ అదే కావాలి. ఆటలు ఆడించమని నేను ఫోనులో బతిమాలవలసి వచ్చింది. పైగా తమ పిల్లలు వెళ్లని శిబిరానికి ఇక్కడివాళ్లు చెక్కు రాయరు. మొదటి ఏడాది 22 కుటుంబాలు డబ్బిస్తే, రెండో ఏడాదికి తొమ్మిదే మిగిలాయి. వెళ్లినప్పుడు ఇంకొకటి కూడా చూశాను. మా బృందంలోని పన్నెండో తరగతి అమ్మాయి వచ్చీరాని తెలుగులో ఊరి పెద్దలను నిలదీసి ప్రశ్నలు వేస్తుంటే, అరుగు చివర నిలబడ్డ ఎనిమిదో తరగతి ఆడపిల్లలు కన్నార్పకుండా చూశారు. అది జీతమిచ్చి చేయించగలిగేది కాదు. మా అమ్మాయి ఆ రెండు వారాల్లో నేర్చుకున్న తెలుగు నేను పదేళ్లలో నేర్పలేకపోయాను. వెళ్లండి, తప్పకుండా వెళ్లండి. ఆ ఖర్చును మాత్రం పేదపిల్లల పద్దులో రాయకండి.

డబ్బు పంపడంలో ఒక మెలిక ఉంది. మీది ఇంకా భారత పాస్‌పోర్టే అయితే, మీ సొంత సంపాదనను బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నారా, భారత సంతతి విదేశీయులకిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్ఏ, అంటే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద అనుమతి ఉన్న సంస్థే తీసుకోవాలి. ఆ సంస్థ తీసుకుని మీ ఊరి యువజన సంఘానికి అందించడమూ కుదరదు. 2020 సవరణ ఆ దారి మూసేసింది. శిబిరాన్ని ఆ సంస్థే స్వయంగా నడిపి, మీ ఊరి కుర్రాళ్లను తనే నియమించుకోవాలి. సంస్థను జనవరిలోనే వెతుక్కోండి.

పిల్లలను పట్నం తీసుకెళ్లి రాత్రిళ్లు ఉంచే శిబిరం సంగతి కూడా అడుగుతుంటారు. తెలంగాణ సాంఘిక సంక్షేమ గురుకులాలు సమ్మర్ సమురాయ్ పేరుతో నడిపాయంటే వాటికి వసతి గృహాలూ వార్డెన్లూ ఉన్నాయి. పరాయి పిల్లల రాత్రి బాధ్యత మనలాంటివాళ్లు నెత్తిన పెట్టుకోవలసింది కాదు. ఇక ఆన్‌లైన్ పాఠాలంటారా, అరవై మందికి ఒక ఫోను చూపించి ఏం నేర్పుతాం?

ఒక్క కథకైతే ఆ ఫోను పనికొస్తోంది. అక్కడ శనివారం ఉదయం ఏడైతే మాకు శుక్రవారం రాత్రి తొమ్మిదిన్నర. మా అమ్మాయి వారానికొక తెలుగు కథ చదివి వినిపిస్తుంది. "ళ" పలకడం దానికి ఇప్పటికీ రాదు. అది "కల్లు" అన్నప్పుడల్లా అరవై గొంతులు "కళ్లు అక్కా, కళ్లు!" అని దిద్దుతాయి.