కరెన్సీ ఫ్యూచర్స్: ఉద్యోగం మానేసి దిగేంత సరుకు ఇందులో ఉందా?

డాలర్ లాంటి విదేశీ కరెన్సీని రాబోయే ఒక తేదీకి, ఇప్పుడే ఖరారు చేసుకున్న రేటుకు కొనే, అమ్మే ఒప్పందాలే కరెన్సీ ఫ్యూచర్స్. అవి ట్రేడయ్యే ఎన్‌ఎస్‌ఈ (నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజ్) కరెన్సీ సెగ్మెంట్‌ని ఇక్కడ ఒకే కోణంలో చూస్తున్నాం. నెలనెలా జీతం వచ్చే ఉద్యోగం వదిలేసి, పొద్దున 9 నుంచి సాయంత్రం 5 దాకా డాలర్-రూపాయి ట్రేడ్ చేస్తూ ఇల్లు నడపొచ్చా? నడపలేరు. లాభనష్టాల లెక్క దాకా వెళ్లకముందే నిబంధన అడ్డం వస్తుంది.

2024 జనవరి 5న రిజర్వ్ బ్యాంక్ ఇచ్చిన సర్క్యులర్ ఆ ఏడాది మే 3 నుంచి అమల్లోకి వచ్చింది. రూపాయితో ముడిపడ్డ ఫ్యూచర్స్, ఆప్షన్స్ ట్రేడ్ చేయాలంటే మీకు నిజంగా విదేశీ మారకపు రిస్కు ఉండాలి. ఎగుమతి బిల్లో, దిగుమతి చెల్లింపో, పిల్లల అమెరికా ఫీజో ఏదో ఒకటి. 10 కోట్ల డాలర్ల పొజిషన్ వరకు కాగితాలు చూపించమని అడగరు గానీ, రిస్కు మాత్రం ఉండి తీరాలి. బ్రోకర్ యాప్‌లో ‘నాకు అండర్‌లయింగ్ ఎక్స్‌పోజర్ ఉంది’ అని ఒప్పుకోమని అడిగే చోట చాలామంది చదవకుండానే టిక్ కొట్టేస్తారు. రూపాయల జీతం తప్ప వేరే లావాదేవీ లేనివాళ్లు అలా కొడితే అది తప్పుడు డిక్లరేషన్. రేపు విదేశీ మారకపు చట్టం ఫెమా కింద నోటీసు వస్తే జవాబు చెప్పుకోవాల్సింది వాళ్లే. దీన్నే నమ్ముకుని రాజీనామా లెటర్ రాయడం ఎంత ప్రమాదమో ఆలోచించండి.

ఆ నిబంధన తర్వాత వాల్యూమ్, అంటే జరిగే లావాదేవీల మొత్తం, బాగా పడిపోయింది. డాలర్‌లో ముందుగా ముగిసే నెల కాంట్రాక్ట్‌లో పర్వాలేదు. యూరో, పౌండ్, యెన్‌లలో, దూరపు నెలల్లో డెప్త్ విండో (కొనే, అమ్మే ఆర్డర్ల జాబితా) తెరిస్తే బిడ్‌కీ (కొనేవాళ్ల రేటు) ఆస్క్‌కీ (అమ్మేవాళ్ల రేటు) మధ్య గ్యాపే మీ లాభాన్ని మింగేసేలా ఉంటుంది. అక్కడ దొరికిన రేటుకే పడిపోయే మార్కెట్ ఆర్డర్ జోలికి పోవద్దు, రేటు మీరే చెప్పే లిమిట్ ఆర్డరే పెట్టాలి.

ఇక లెక్కలు. ఒక లాట్ అంటే 1,000 డాలర్లు. పైసా కదిలితే 10 రూపాయలు. షేర్ల లావాదేవీలపై వేసే ఎస్‌టీటీ పన్ను లేకపోవడం ఈ సెగ్మెంట్‌లో నిజంగా మంచి విషయం. కానీ బ్రోకరేజీ ఆర్డర్‌కు 20 రూపాయలైతే, ఒక లాట్ కొని అమ్మేసరికి జీఎస్టీతో కలిపి 47 రూపాయల 20 పైసలు అవుతుంది. అంటే రేటు దాదాపు అయిదు పైసలు మీ వైపు కదిలితేనే ఖర్చు గట్టెక్కుతుంది. ఒకటి రెండు లాట్ల స్కాల్పింగ్ (చిన్న చిన్న కదలికల మీద వెంటవెంటనే కొని అమ్మడం) ఎందుకు కిట్టదో ఇక్కడే తెలిసిపోతుంది.

ఇంటికి నెలకు 60,000 కావాలనుకుందాం. 10 లాట్లతో అయితే ఖర్చులు పోను ప్రతి నెలా ఆరు రూపాయల కదలిక పట్టుకోవాలి. 2023లో ఏడాది మొత్తం డాలర్ తిరిగిందే సుమారు 81కీ 83.40కీ మధ్య. రూపాయి ఎటు ఎక్కువ ఊగినా రిజర్వ్ బ్యాంక్ డాలర్లు కొనో అమ్మో ఆపడానికి చూస్తుంది. సరే, 50 లాట్లకు పెంచితే నెలకు రూపాయి ఇరవై పైసలు చాలు. డాలర్ 85 దగ్గర ఉంటే అది 42.5 లక్షల పొజిషన్. దానికి ముందుగా కట్టాల్సిన డిపాజిట్, అంటే మార్జిన్, మూడు శాతం అనుకుంటే 1,27,500 రూపాయలు. 2013 ఆగస్టు 28న రూపాయి ఒక్కరోజే రెండున్నర రూపాయలకు పైగా పడిపోయింది. అలాంటి రోజున 50 లాట్ల డాలర్ షార్ట్‌లో (ముందే అమ్మిపెట్టి) ఉంటే మార్జిన్ మొత్తం ఊడ్చుకుపోతుంది.

రేటు ఒక హద్దు దాటగానే బయటపడేసే స్టాప్‌లాస్ ఆర్డర్ ఉందిగా అంటారు. అమెరికా ద్రవ్యోల్బణం, ఉద్యోగాల లెక్కలు మన టైమ్‌లో సాయంత్రం 6కో 7కో వస్తాయి, అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడ్ వడ్డీ నిర్ణయం అర్ధరాత్రి అటూ ఇటూగా వస్తుంది. మన మార్కెట్ 5కే మూసేస్తారు. పొద్దున 9కి రేటు మీ స్టాప్‌ని దాటేసి తెరుచుకుంటే, దొరికిన రేటుకి బయటపడటమే.

ఇక టెలిగ్రామ్ గ్రూపుల్లో ఊదరగొట్టే విదేశీ ఫారెక్స్ ట్రేడింగ్ యాప్‌లు, 1:500 లెవరేజ్‌వి (పెట్టిన డబ్బుకు 500 రెట్ల పొజిషన్ ఇచ్చేవి). దేశంలో ఉండేవాళ్లకు ఇవి చట్టవిరుద్ధం. విదేశాలకు డబ్బు పంపుకోనిచ్చే ఎల్‌ఆర్‌ఎస్ పథకం కింద కూడా మార్జిన్ కోసం బయటికి డబ్బు పంపకూడదు. ఫెమా జరిమానా లావాదేవీ మొత్తానికి మూడు రెట్ల వరకు వెళ్లొచ్చు. రిజర్వ్ బ్యాంక్ సైట్‌లో అలర్ట్ లిస్ట్ ఉంది గానీ, అందులో పేరు లేనంత మాత్రాన అనుమతి ఉన్నట్టు కాదు. డిపాజిట్‌కి ఎవరో వ్యక్తి యూపీఐ ఐడీ ఇచ్చారంటే అక్కడే ఆగిపోండి. విత్‌డ్రా చేయబోతే ‘ముందు ట్యాక్స్ కట్టండి’ అన్నారంటే అది మోసం. ఇంకో రూపాయి కూడా పంపొద్దు.

ఈక్విటీ ఎఫ్ అండ్ ఓ (షేర్ల ఫ్యూచర్స్, ఆప్షన్స్) మీద మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2024 సెప్టెంబర్‌లో ఇచ్చిన నివేదిక ప్రకారం మూడేళ్లలో 93 శాతం వ్యక్తిగత ట్రేడర్లు నష్టపోయారు, సగటున తలా సుమారు రెండు లక్షలు. అది వేరే సెగ్మెంటే అయినా మనస్తత్వం, లెవరేజ్ ఒకటే.

ఉద్యోగంతో పాటు పోయేవి కూడా లెక్కలో వేసుకోవాలి. గ్రూప్ హెల్త్ ఇన్సూరెన్స్ ఆగిపోతుంది. అమ్మానాన్నలు అదే పాలసీలో ఉంటే వాళ్లకూ పోతుంది. అయిదేళ్లు నిండకుండా వెళ్తే మామూలుగా గ్రాట్యుటీ రాదు. హోమ్ లోన్‌కి బ్యాంకు పాత ఐటీ రిటర్నులు అడుగుతుంది. ఈ ఆదాయానికి ఐటీఆర్-3 వేయాలి, అడ్వాన్స్ ట్యాక్స్ కట్టాలి. నష్టం వస్తే దాన్ని జీతంలోంచి తగ్గించుకోనివ్వరు. అమెరికాలో హెచ్1బీ మీద ఉన్న మనవాళ్లకైతే ఉద్యోగం వదిలాక మామూలుగా 60 రోజుల్లోపు వేరే దారి చూసుకోకపోతే వీసా స్టేటస్సే పోతుంది.

జీవనాధారంగా దీనికి సున్నా. హెడ్జింగ్‌కి, అంటే ఉన్న రిస్కుకు రక్షణగా వాడుకోవడానికి, మాత్రం అయిదుకి నాలుగు ఇస్తాం. ఆగస్టులో 20,000 డాలర్ల ఫీజు కట్టాల్సిన తల్లిదండ్రులు 20 లాట్లు కొనిపెట్టుకుంటే, డాలర్ రెండు రూపాయలు పెరిగినా ఫ్యూచర్స్‌లో వచ్చే సుమారు 40,000 ఆ భారాన్ని చాలావరకు సరిపెడుతుంది. లాభనష్టాలు ఏ రోజుకారోజు ఖాతాలో సర్దుతారు కాబట్టి మార్జిన్‌కి పైన కొంత నగదు ఉంచుకోవాలి. కాంట్రాక్ట్ నెలాఖరు పనిదినానికి రెండు పనిదినాల ముందు మధ్యాహ్నం 12:30కి ముగుస్తుంది. ఫీజు తేదీ అంతకన్నా తర్వాత ఉంటే ఒకటి రెండు రోజుల ముందే తర్వాతి నెలకు రోలోవర్ చేసుకోవాలి, అంటే పాత కాంట్రాక్ట్ అమ్మి కొత్తది కొనాలి. సెటిల్‌మెంట్ అంతా రూపాయల్లోనే, డాలర్లు చేతికి రావు. వాటిని బ్యాంకులో విడిగా కొనుక్కోవాల్సిందే.