మూడేళ్ళ ఉప్పునీటి తొట్టి: పగడాలకు చోటు కుదర్చడంలో ఏ వస్తువు అక్కరకొచ్చింది

హనుమకొండలో మా ఇంటి ముందుగదిలో బతికున్న పగడాలను పెంచే గాజు తొట్టి పొడవు 24 అంగుళాలు, వెడల్పు 18, ఎత్తు 18. కొలతల లెక్కన 127 లీటర్లు పట్టాలి గానీ, రాళ్ళూ ఇసుకా పోను, పైన వదిలే జాగా పోను, అందులో నిజంగా ఉండే ఉప్పునీరు నూరు లీటర్లకు కాస్త అటూ ఇటూ. మొన్నటి ఉగాదికి ఆ నీరు పోసి మూడేళ్ళు నిండాయి. ఏ పగడాన్ని ఏ రాయి మీద, ఎంత ఎత్తున, ప్రవాహానికి ఎంత దూరంలో పెట్టాలో తేల్చుకోవడానికి నేను నాలుగు వస్తువులు కొన్నాను: పద్నాలుగు వేల రూపాయల నీలి ఎల్‌ఈడీ దీపం, నీటిలో ప్రవాహం పుట్టించే రెండు వేల ఎనిమిది వందల వేవ్‌మేకరు, నాలుగు వందల యాభై రూపాయల అయస్కాంతపు అర, మూడు వందల యాభై రూపాయల జెల్ గమ్ము. మూడేళ్ళ వాడకంలో తేలిందేమిటంటే, వీటిలో నన్ను ఎక్కువగా ఆదుకున్నది ఆ నాలుగు వందల యాభై రూపాయల అర, ఎక్కువ నష్టం చేసింది అన్నిటికన్నా ఖరీదైన దీపం. అయితే ఆ నష్టంలో దీపం వాటా కొంతే, మిగతాది నా తొందర.

ముందుగా ఒక విషయం స్పష్టం చేయాలి. విదేశీ వీడియోలలో ఎంతో మోజుగా చూపించే హామర్, టార్చ్, ఫ్రాగ్‌స్పాన్ వంటివి సున్నపు అస్థిపంజరం కట్టుకునే రాతి పగడాలు. మన దేశంలో దిబ్బలు కట్టే రాతి పగడాలన్నిటినీ 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు; నల్ల పగడాలకు, సముద్రపు విసనకర్రలు (సీ ఫ్యాన్) అనే పగడాలకు కూడా అదే రక్షణ ఉంది. మన్నార్, కచ్ సింధుశాఖలలో, లక్షద్వీప్, అండమాన్ నికోబార్ దీవులలో మిగిలి ఉన్న దిబ్బల కోసం చేసిన ఏర్పాటు అది. కాబట్టి నా తొట్టిలో రాళ్ళు కూడా సముద్రంలోంచి తీసినవి కావు, పోతపోసిన కృత్రిమ రాళ్ళు. పగడాలన్నీ మెత్తనివే: మష్రూమ్‌లు, జోవాంథిడ్‌లు, ఒక టోడ్‌స్టూల్ లెదర్, గ్రీన్ స్టార్ పాలిప్, జీనియా. అన్నీ ఎవరో ఒకరి తొట్టిలో పెరిగిన తల్లి నుంచి కోసిన ముక్కలు, బిల్లు రాయించుకొని హైదరాబాదు నుంచి థర్మాకోల్ డబ్బాలో రైల్లో తెచ్చుకున్నవి. పక్కింటి పెద్దమ్మ మొదటిసారి చూసినప్పుడు, "ఏం బిడ్డా, గీ పగడాలు ఉంగరంల పెట్టుకునేటియేనా?" అని అడిగింది. కుజుడికి పెట్టుకునే ఎర్ర పగడం ప్రధానంగా మధ్యధరా సముద్రంలో దొరికే వేరే జాతి అనీ, నా దగ్గర ఉన్నవి పట్టుకుంటే జారిపోయే మెత్తని జీవాలనీ చెప్పాక ఆమెకు వాటి మీద ఉన్న గౌరవం సగం తగ్గింది.

మొదటి విడత ముక్కలు తెచ్చిన రోజున నేను చేసిన పని, బతుకమ్మను పేర్చినట్టు వాటిని రాళ్ళ మీద వరుసగా, సందు లేకుండా, రంగుకు రంగు పొదిగి అతికించేయడం. తంగేడు పువ్వూ గునుగు పువ్వూ పేర్చాక పెరగవు. పగడాలు పెరుగుతాయి, అంతకంటే ముందు అవి వెలుతురుకు అలవాటు పడాలి. దీపాన్ని నీటికి 8 అంగుళాల ఎత్తున బిగించి నీలం పూర్తిగా, తెలుపు సగానికి పైగా పెట్టాను. మూడు వారాల్లో రూపాయి బిళ్ళంత మష్రూమ్‌లు చింతగింజంత అయ్యాయి, ముదురు ఎరుపు పాలిపోయి లేత గులాబీ రంగులోకి దిగింది. అమ్మిన దుకాణానికి ఫోను చేస్తే వెలుతురు చాలక అలా అయి ఉంటుందనీ, ఇంకాస్త పైకి పెట్టమనీ చెప్పారు. నేను గమ్ము ఊడబీకి మరీ పైకి పెట్టాను. రెండు ముక్కలు కరిగిపోయాయి.

జరిగింది సరిగ్గా తలకిందులు. మష్రూమ్‌ల కణజాలంలో జూజాంథెల్లే అనే ఏకకణ శైవలాలు కాపురముంటాయి. పగడానికి కావలసిన ఆహారంలో పెద్ద భాగం వాటి కిరణజన్య సంయోగక్రియ నుంచే వస్తుంది. వెలుతురు మోతాదు మించితే ఆ శైవలాల్లో హానికరమైన ఆక్సిజన్ రూపాలు పోగుపడతాయి, పగడం వాటిని బయటికి నెట్టేస్తుంది, దాంతో రంగూ పోతుంది, తిండీ పోతుంది. హైదరాబాదులోని ఒక మిత్రుడు తన పార్ మీటరును (కిరణజన్య సంయోగక్రియకు పనికొచ్చే వెలుతురును కొలిచేది) రెండు రోజులకు ఇచ్చినప్పుడు గానీ నాకు కళ్ళు తెరుచుకోలేదు: ఇసుక మీదే 120, మధ్య రాయి మీద 190, శిఖరాన 310 చూపించింది. మష్రూమ్‌లకు 50 నుంచి 100 చాలు, జోవాంథిడ్‌లకు 80 నుంచి 150, లెదర్‌కు 100 నుంచి 200 మధ్య హాయిగా ఉంటుంది. అంటే నా తొట్టిలో మష్రూమ్‌లకు తగిన చోటు ఒక్కటీ లేదు. నీలి కాంతి మన కంటికి మసకగా అనిపిస్తుంది కాబట్టి కంటితో కొలిచినవారు ఎవరైనా మోసపోతారు; ఫోనులో వెలుతురు కొలిచే లక్స్ యాప్‌లు కూడా నీలి కాంతి దగ్గర నమ్మదగ్గవి కావు. దీపాన్ని 14 అంగుళాల ఎత్తుకు లేపి, మోతాదు 35 శాతానికి దించాక ఇసుక మీద 55, మధ్యలో 100, పైన 170 వచ్చింది. రెండున్నరేళ్ళుగా అదే ఉంచాను. దీపం గురించి మరొక ఫిర్యాదు: కరెంటు కాసేపు పోయి వస్తే దాని గడియారం మొదటికి చేరుతుంది. ఒక వానాకాలపు అర్ధరాత్రి ఇల్లంతా నీలంగా వెలిగి లేచాక, ఆ గడియారాన్ని నమ్మడం మాని మామూలు గోడ టైమరు పెట్టుకున్నాను.

ఇక అర సంగతి. ఇది జానెడు పొడవున్న చిల్లుల ప్లాస్టిక్ పలక. ముక్కల అడుగున ఉండే ఫ్రాగ్ ప్లగ్గులు (ముక్కను నిలబెట్టే చిన్న బిరడాల వంటివి) ఆ చిల్లుల్లో కూర్చుంటాయి, వెనక అయస్కాంతం అద్దానికి రెండువైపులా పట్టుకుంటుంది. దీని గొప్పతనమంతా దీన్ని రెండు వేళ్ళతో కిందికీ పైకీ జరపగలగడంలోనే ఉంది. కొత్త ముక్కను రెండు వారాలు ఇసుకకు దగ్గరగా ఉంచుతాను, ఆ తర్వాత వారానికి రెండు అంగుళాల చొప్పున లేపుతాను, ప్రతి మెట్టు దగ్గరా దాన్ని చూస్తాను. జోవాంథిడ్‌లు ఇందుకు మంచి గురువులు. పొద్దున పది గంటలకు నీలి వెలుగు పడ్డాక పావుగంటకు ముడుచుకున్న మొగ్గ కొన కొంచెం విడుతుంది, అంచున ఉన్న సన్నని తంతువులు ఒక్కొక్కటిగా బయటికి వాలుతాయి, అరగంట తిరిగేసరికి గడ్డిచామంతి పూత పూసినట్టు పలకంతా నిండిపోతుంది. వెలుతురు చాలకపోతే ఆ పూలు మెడలు చాచి పొడుగ్గా నిలబడతాయి. ఎక్కువైతే పొట్టిగా, అడుగుకు కరుచుకొని, అంచులు లోపలికి లాక్కొని ఉంటాయి. మష్రూమ్ అయితే చాలని వెలుతురులో దోసిలి పట్టినట్టు పైకి లేస్తుంది, మించిన వెలుతురులో ముడతలు పడి కుంచించుకుంటుంది. ఈ లక్షణాలు ఒక్కపూటలో తేలవు, పది రోజులైనా పడుతుంది. అందుకే కదపగలిగే అర కావాలి గానీ కదపలేని గమ్ము కాదు. దీని లోపం ఒక్కటే: అయస్కాంతం చుట్టూ ఉన్న ప్లాస్టిక్ పూత ఎక్కడైనా పగిలితే ఉప్పునీరు లోపలికి దిగి తుప్పు పడుతుంది. నెలకోసారి తీసి చూస్తాను.

వేవ్‌మేకరు గంటకు రెండు వేల లీటర్లు తోసేది. నా నీటికి ఇరవై రెట్లు. మెత్తని పగడాలకు ఆ మాత్రం ప్రవాహం సరిపోతుంది, అయితే అది సూటిగా తగలకూడదు. నేను దాన్ని వెనక మూలన పెట్టి ఎదుటి అద్దానికి గురిచేశాను. ప్రవాహం అద్దాన్ని కొట్టి చెదిరి వెనక్కి వస్తుంది. చిటికెడు చేప మేత వదిలి అది ఎటు కొట్టుకుపోతుందో చూస్తే ఏ చోట ఎంత ఊపు ఉందో తెలిసిపోతుంది. పగడం గాలికి వరిపైరు ఊగినట్టు అటూ ఇటూ ఊగాలి, ఒకవైపే వంగి నిలిస్తే ఆ చోటు దానికి పనికిరాదు. టోడ్‌స్టూల్ లెదర్ విషయంలో నేను మొదట్లో దడిచిపోయాను: ఉన్నట్టుండి తంతువులన్నీ లోపలికి లాక్కొని పదకొండు రోజులు మైనం పూసిన గొడుగులా నిలబడిపోయింది. పన్నెండో రోజున పైన ఉల్లిపొరలాంటి పలుచని తోలు ఊడి ప్రవాహంలో కొట్టుకుపోయింది, కింద కొత్త తంతువులు తళతళలాడాయి. ఈ జాతి అప్పుడప్పుడూ ఇలా కుబుసం విడుస్తుంది, ఆ పొర ఊడిపోవడానికి మంచి ప్రవాహం ఉండాలి. అందుకే దానికి మధ్య రాయి కుడి భుజం ఇచ్చాను. క్లౌన్ చేపల జంట దాన్నే తాము కాపురముండే అనెమోన్ అనే సముద్రజీవి అనుకొని రాసుకుపోతూ మరో నెల దాన్ని తెరుచుకోనివ్వలేదు గానీ, తర్వాత రెండు పక్షాలూ రాజీపడ్డాయి. వేవ్‌మేకరుకు నేను పెద్ద మార్కులు ఇవ్వను: రెండో ఏట దాని రబ్బరు మెత్తలు వదులై, ఒక రాత్రి జారి ఇసుక మీద పడి, తెల్లారేసరికి కింది మష్రూమ్‌లన్నిటినీ ఇసుకలో పూడ్చేసింది.

గమ్ము మనందరికీ తెలిసిన ఫెవిక్విక్ జాతిదే, సయనోఅక్రిలేట్. కాకపోతే కారిపోకుండా జెల్‌గా ఉండేది కావాలి. ప్లగ్గు అడుగును బట్టతో అద్ది, బఠాణీ గింజంత జెల్ పెట్టి, నీటిలో ముంచి రాతికి నొక్కుతూ కొంచెం తిప్పి అరనిమిషం పట్టుకుంటే చాలు. తిప్పడం మరిచిపోవద్దు, పైన కట్టిన తెల్లపొర పగిలితేనే లోపలి జెల్ రాతిని పడుతుంది. సన్యాసి పీత ఒకటి రాత్రిళ్ళు తిరుగుతూ అతికించని ముక్కల్ని దొర్లిస్తుంది కాబట్టి చివరికి గమ్ము తప్పదు. ప్లగ్గు మీద కూర్చున్నవాటికే ఇది పనికొస్తుంది; జిగురు కారే ఒంటికి పట్టదు. ప్లగ్గు లేని మష్రూమ్ ముక్కల్ని చిన్న ప్లాస్టిక్ గిన్నెలో రాతి పలుకుల మీద వేసి, పైన పాత నైలాన్ దోమతెర కప్పి, ప్రవాహం తక్కువున్న మూలన పది రోజులు ఉంచితే వాటంతట అవే ఏదో ఒక పలుకును పట్టుకుంటాయి. అప్పుడు ఆ పలుకును అతికించవచ్చు. లెదర్‌కైతే కాండంలోంచి టూత్‌పిక్కు గుచ్చి దాని రెండు కొసలనూ దారంతో రాతికి వదులుగా కట్టాను.

జోవాంథిడ్‌లను పట్టుకునేటప్పుడు మాత్రం ఏ వెసులుబాటూ వద్దు. వీటిలో కొన్నిటి ఒంట్లో పాలిటాక్సిన్ అనే ఘోరమైన విషం ఉంటుంది. చేతికి తొడుగులు, కళ్ళకు అద్దాలు లేకుండా వాటిని కోయకూడదు. అవి పట్టిన రాయిని శుభ్రం చేద్దామని వేడినీళ్ళు పోయడం గానీ, ఉడకబెట్టడం గానీ అసలే చేయకూడదు, ఆ ఆవిరి పీల్చి ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలైన సందర్భాలు ఉన్నాయి. మా ఇంట్లో తొట్టి బకెట్టును వంటింటి వైపు రానివ్వం.

ఇరుగుపొరుగు విషయంలో గ్రీన్ స్టార్ పాలిప్ అన్నిటికంటే దురాక్రమణదారు. ఊదారంగు చాపలా రాళ్ళ మీద పరుచుకుంటూ దారిలో ఉన్నదాన్ని కప్పేస్తుంది. దాన్ని ప్రధాన రాళ్ళకు నాలుగు అంగుళాల దూరంలో ఇసుక మధ్య ఒంటరి రాయి మీద పెట్టాను. అయినా ఎలాగో వెనక అద్దానికి చేరింది, మూడు నెలలకోసారి బ్లేడుతో గీకుతాను. జీనియా కూడా అంతే, ఒక్క కొమ్మ ఏడాదిలో తొమ్మిది అయింది. లెదర్ మాత్రం తాకకుండానే పోరాడుతుంది. నీటిలోకి రసాయనాలు వదిలి చుట్టూ ఉన్నవాటి ఎదుగుదలను అణచివేస్తుంది, అందుకు నెలనెలా మార్చే యాక్టివేటెడ్ కార్బన్ సంచే మందు.

మన ఎండాకాలం కూడా చోటు నిర్ణయంలో ఒక పాత్రధారే. మొదటి ఏడు రోహిణి కార్తెలో గది వేడికి నీరు 31 డిగ్రీలు దాటింది. పగడాలకు 24 నుంచి 27 హాయి. వేడీ వెలుతురూ కలిస్తే శైవలాలు త్వరగా వెళ్ళిపోతాయి కాబట్టి, ఏప్రిల్ చివర నుంచి దీపాన్ని ఎనిమిది గంటల నుంచి ఆరు గంటలకు తగ్గిస్తాను, పైన ఉన్న జోవాంథిడ్‌ల అరను ఒక మెట్టు దించుతాను. నీటి మీదికి చిన్న ఫ్యాను తిప్పితే మన పొడి గాలిలో మూడు డిగ్రీల దాకా దిగుతుంది. కోస్తా ఉక్కపోతలో ఇంత ఫలితం రాదు. ఆ ఫ్యాను పుణ్యమా అని రోజుకు మూడు లీటర్లు ఆవిరైపోతుంది. ఉప్పు ఆవిరి కాదు గనుక, ఆ లోటును ఉప్పులేని శుద్ధజలంతోనే పూడ్చాలి. వంటింటి ఆర్వో ఖనిజాలు తిరిగి కలుపుతుంది, అది పనికిరాదు. నీటిలో కరిగిన లవణాలను (టీడీఎస్) సున్నాకు దించే డీఐ గొట్టం వేరుగా బిగించుకున్నాను.

ఇప్పుడు అర మీద నాలుగు కొత్త జోవాంథిడ్ ముక్కలు ఉన్నాయి, వచ్చి ఆరు వారాలైంది, గమ్ము ఇంకా విప్పలేదు. గత అక్టోబరులో మధ్య రాయి మీద కుదురుగా ఉన్న ఎర్ర మష్రూమ్ ఒకటి కాలు వదిలేసి కనిపించకుండా పోయింది, చచ్చిందనే అనుకున్నాను. సంక్రాంతి శుభ్రతకు టార్చిలైటుతో వెతుకుతుంటే ఎడమ రాయి కింద, దీపం వెలుగు పక్కవాటుగా మాత్రమే పడే సందులో, అరచేయి అంత వెడల్పుగా పరుచుకొని కనిపించింది. మీటరు పట్టని చోటది. దాన్ని అక్కడే ఉండనిచ్చాను.