ఎంతసేపట్లో ఆరుతుంది? డెల్టా ఇంట్లో పసివాడి సామాను, పదమూడు నెలల వాడకం తరువాత

మా అబ్బాయి నిరుడు జూలైలో పుట్టాడు. తొలి కాన్పు కాబట్టి వాడికి ఐదో నెల వచ్చేదాకా అంబాజీపేట దగ్గర పుట్టింట్లో ఉండి, ఆ తరువాత చించినాడ వంతెన దాటి పాలకొల్లు పక్కనున్న అత్తవారి ఊరికి వచ్చాను. నేను ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయురాలిని. 180 రోజుల ప్రసూతి సెలవు ముగియగానే జనవరిలో బడికి వెళ్ళడం మొదలుపెట్టాను. వాడు పుట్టకముందు మేము కొన్నవీ, పుట్టాక చుట్టాలు తెచ్చినవీ కలిపితే ఒక గది నిండింది గానీ, వాటిలో రోజూ చేతికి అందివచ్చినవి చాలా తక్కువ. కొనేటప్పుడు ధర చూశాము, రంగు చూశాము, ఎవరెవరు బాగుందన్నారో చూశాము. కాలువలు, చెరువులు, రొయ్యల గుంటల నడుమ గాలిలోనే నీరుండే మా ప్రాంతంలో అన్నిటికంటే ముందు అడగవలసింది ఆ వస్తువు తడిస్తే ఎంతసేపట్లో ఆరుతుందని; ఆ సంగతి శ్రావణమాసపు ముసురు పట్టాక గాని మాకు తెలియలేదు.

మొదటి రెండు నెలలూ మమ్మల్ని గట్టెక్కించినవి అమ్మ దాచి ఉంచిన పాత నూలు చీరలు. వాటిని చింపి, అంచులు మడిచి కుట్టి, నాలుగు డజన్ల గుడ్డలు సిద్ధం చేసింది. నేను వాటిని చూసి నవ్వి, ఎనిమిది గుడ్డ డైపర్ల సెట్టు ఆన్‌లైన్‌లో తెప్పించాను. పైన నీరు దిగని తొడుగు, లోపల జేబు, ఆ జేబులో పెట్టే దళసరి మెత్త: చూడడానికి ముచ్చటగా ఉంటుంది, ఎండ కాసే ఊళ్ళో బహుశా మంచి వస్తువే. మా వసారాలో దండెం మీద వేసిన మెత్త మాత్రం రెండో రోజు సాయంత్రం మధ్యలో నొక్కి చూస్తే ఇంకా చల్లగా తగిలేది, మూడో రోజుకు ముక్కిపోయిన వాసన వచ్చేది. నాలుగైదు పొరలు కలిపి కుట్టేయడం వల్ల గాలి లోపలికి చొరబడదు. అదే చీర ముక్క అయితే, బిడ్డకు కట్టేటప్పుడు మడిస్తే ఎనిమిది పొరలవుతుంది, విప్పి ఆరవేస్తే ఒక్క పొరే కాబట్టి ఫ్యాను కింద రెండు గంటల్లో పెళపెళలాడుతుంది. చివరికి డైపర్ల తొడుగులు మాత్రం ఉంచుకుని, జేబులో మెత్తకు బదులు మడిచిన చీర గుడ్డ పెట్టడం మొదలుపెట్టాము. అమ్మ సగం, ఆన్‌లైన్ సగం అన్నట్టున్న ఈ ఏర్పాటే పగటిపూట ఏడాదంతా నడిచింది.

రాత్రికీ ప్రయాణానికీ కొన్న డైపరే వాడాము. ఇందులో తెలుసుకున్నది ఏమిటంటే, సైజును నెలలను బట్టి కాక ప్యాకెట్ మీద ఉండే కిలోలను బట్టి తీసుకోవాలి. మావాడు నాలుగో నెలలోనే మేము అనుకున్న సైజు దాటిపోయి, తొడల దగ్గర రబ్బరు ఎర్రగా అచ్చు పడేది. ప్యాకెట్ మీద 12 గంటలని ఉన్నా, మే నెల ఉక్కపోతలో మూడు నాలుగు గంటలకే మడతల్లో ఒరుసుకుపోయేది. జింక్ ఆక్సైడ్ ఉన్న లేపనం పలచగా రాసి, ఒక పూట ఏమీ కట్టకుండా వదిలేస్తే సర్దుకునేది. వాడిన డైపర్లను కాలువలో విసిరేసే అలవాటు మా చుట్టుపక్కల ఇంకా ఉంది, రేవులో గుర్రపుడెక్క మధ్య తెల్లగా ఉబ్బి తేలుతూ కనిపిస్తాయి. 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలు వాటిని కాగితంలో చుట్టి పొడి చెత్తతో పాటు ఇవ్వమన్నాయి, 2026 ఏప్రిల్ నుంచి అమలైన కొత్త నిబంధనల ప్రకారం చుట్టి విడిగా ఇవ్వాలి. మేము పాత పేపరులో చుట్టి పంచాయతీ బండికి వేస్తున్నాము. వేసవిలో ధవళేశ్వరం దగ్గర నీళ్ళు ఆపి కాలువలు కట్టేసినప్పుడు మా ఇంటి బోరు నీళ్ళు ఉప్పదేలాయి, వాటితో ఉతికిన గుడ్డలు గరుకెక్కాయి, ఆ నెలన్నర రోజులు డైపర్ల ఖర్చు రెట్టింపయింది. కొత్తగా లెక్కలు వేసుకునే వాళ్ళు ఆ నెలలను విడిగా వేసుకోవడం మంచిది.

పక్క మీద వేసే వాటిలో రబ్బరు షీటు కంటే డ్రై షీటు నయం. రబ్బరు షీటు మీద పడుకున్న పిల్లవాడి వీపు నిండా వారంలో చెమటకాయలు లేచాయి. డ్రై షీటు పై పొర నూగు బట్ట కావడంతో తడి పీల్చుకుంటుంది, త్వరగా ఆరుతుంది. అయితే అదీ వేడి చేస్తుంది కనుక దాని మీద పలచని బొంత ఒకటి వేసి తీరాలి. వేడినీళ్ళలో ఉతికితే అడుగు పొర పగిలిపోతుంది. మొదటి షీటును అలాగే పాడుచేసుకున్నాము.

ఇక ఉయ్యాల. బారసాల నాడు బిడ్డను వేసిన టేకు ఉయ్యాల మా అమ్మమ్మ కాలం నాటిది, దాని గురించి చెడ్డమాట చెప్పడానికి నాకు నోరు రాదు. మా తమ్ముడు మేనమామ హోదాలో తెచ్చిన స్ప్రింగు ఉయ్యాల గురించి మాత్రం చెప్పాలి. ఇనప చట్రానికి స్ప్రింగు, దాని కింద వలగుడ్డ సంచి వేలాడతాయి. కాస్త ఊపితే పైకీ కిందికీ ఆడుతుంది, పిల్లవాడు ఐదు నిమిషాల్లో నిద్రపోతాడు. ఆ ఐదు నిమిషాల కోసం ఇంట్లో అందరమూ దానికి దాసోహమన్నాము. రెండో నెలలో ఒక మధ్యాహ్నం తొంగిచూస్తే, సంచి లోతులోకి జారి, గడ్డం గుండెకు ఆని, గురకలాంటి చప్పుడు చేస్తున్నాడు. తీసి భుజాన వేసుకోగానే ఊపిరి సాఫీ అయింది. పసివాళ్ళకు మెడ నిలవదు కాబట్టి తల ముందుకు వాలితే శ్వాసనాళం ఇరుకవుతుందని, అందుకే చదునైన గట్టి పరుపు మీద వెల్లకిలా పడుకోబెట్టాలని, చుట్టూ దిండ్లు, బొమ్మలు ఉండకూడదని మా పిల్లల డాక్టరు గారు చెప్పారు. అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2022లో సవరించిన సూచనల్లోనూ ఇదే ఉంది. కనీసం మొదటి ఆరు నెలలు బిడ్డ పక్క తల్లిదండ్రుల గదిలోనే, వేరే పరుపు మీద ఉండాలని కూడా ఉంది. అప్పటి నుంచి స్ప్రింగు ఉయ్యాలను ఎదురుగా మనిషి కూర్చున్నప్పుడే వాడాము, వాడు దొర్లడం నేర్చాక విప్పి అటక మీద పెట్టేశాము. తల గుండ్రంగా రావాలని అత్తయ్య కుట్టించిన ఆవాల దిండును కూడా ఆవిడకు నచ్చజెప్పి పక్కన పెట్టాము. మెలకువగా ఉన్నప్పుడు రోజూ కాసేపు బోర్లా వేసి ఆడించాము, తల దానంతటదే సర్దుకుంది. "ఆవాలు పోపులోకైనా పనికొస్తాయిలే అమ్మా" అన్నారావిడ, కినుక దాచుకోకుండా.

ఇంత సామానులోనూ ఒక్కటే కొనుక్కోమంటే దోమతెరే కొనమంటాను. సాయంత్రం ఐదున్నరకు మా పెరటి తలుపు తెరిచి ఉంటే గది దోమలపాలే. డెంగీ దోమ పగలు కూడా కుడుతుంది కనుక పగటి నిద్రకూ తెర కావాలి. రెండు నెలల లోపు పసివాళ్ళకు డీట్ అనే రసాయనం ఉన్న దోమల మందులు రాయకూడదు, దోమల బత్తి పొగ వాళ్ళ ఊపిరికి మంచిది కాదు, కాబట్టి ఆ వయసులో తెర తప్ప దారి లేదు. గొడుగులా ముడుచుకునే తెర 450 రూపాయలకు దొరికింది, నాలుగు నెలలు చక్కగా పనిచేసింది. దాని లోపం అడుగు లేకపోవడం: ఐదో నెలలో వాడు దొర్లి తెర అంచును ముఖం మీదికి లాక్కున్నాడు, మరో రాత్రి తెరకు ఆనిన చేతి మీద బయటి నుంచే దోమలు కుట్టి తెల్లారేసరికి ఎనిమిది దద్దుర్లు లెక్కపెట్టాను. అప్పుడు మంచం మొత్తానికి నాలుగు మూలలా కట్టే పాతకాలపు నూలు తెర కొని, అంచులు పరుపు కిందికి దోపడం మొదలుపెట్టాము. తెరలో గాలి ఆడదనే మాట నిజమే, కరెంటు పోయిన రాత్రి మరీ నిజం. అందుకే ఇన్వర్టరు మీద ఆ గది ఫ్యాను ఒక్కటీ తప్పకుండా ఉండేలా తీగ మార్పించాము.

స్నానానికి కొన్న ప్లాస్టిక్ తొట్టిలో ఇప్పుడు కొత్తిమీర మొలుస్తోంది. నీళ్ళు పోసే ఆవిడ పీట మీద కూర్చుని, కాళ్ళు చాచి, వాటి మీద పిల్లవాణ్ణి వేసుకుని పోసినంత నిబ్బరంగా ఏ తొట్టీ పట్టుకోలేదు. చెవుల్లో, ముక్కులో నూనె చుక్కలు వద్దనీ, సాంబ్రాణి పొగ గుడ్డలకు పట్టించినా బిడ్డకు వద్దనీ మాత్రం మొదటి రోజే చెప్పుకోవాలి. మూడో రోజుకు చెబితే అలిగి మానేస్తారు.

బడికి వెళ్ళడం మొదలుపెట్టాక పాలు తీసే పంపు అవసరమైంది. మొదట 2,800 రూపాయలు పెట్టి కొన్న కరెంటు పంపు ఆరు వారాలు బాగానే పనిచేసి, తరువాత పీల్చడం మానేసింది. తీరా విప్పి చూస్తే గొట్టంలో తేమ చేరి బూజు నల్లగా పట్టింది. గొట్టం కడిగి ఆరవేసినా అంత సన్నని దానిలో నీటి చుక్క పోదు. కంపెనీ వాళ్ళకు ఫోను చేస్తే గొట్టం హామీలోకి రాదన్నారు. ఆ తరువాత కొన్న చేతి పంపుకు గొట్టమే లేదు. నాలుగు ముక్కలుగా విడిపోతుంది, నీళ్ళలో మరిగించి గుడ్డ మీద బోర్లిస్తే చాలు, ఈనాటికీ చెక్కుచెదరలేదు. తీసిన పాలు 25 డిగ్రీల లోపు గదిలో నాలుగు గంటలు నిలుస్తాయి. మా బడిలో జనవరి ఉదయాన ఆ చల్లదనం ఉంటుంది గానీ మార్చిలో ఉండదు. గడ్డకట్టించిన ఐస్ ప్యాకులు పెట్టే చిన్న సంచి కొన్నాక ఆ బెంగ తీరింది. ఏడాదిలో పెట్టిన ఖర్చుల్లో విచారించనిది అది ఒకటి.

ఆ పాలను అత్తయ్య ఉగ్గు గిన్నెతోనే పట్టారు. వెండిది బారసాలకు వచ్చింది, స్టీలుది సంతలో కొన్నాము. స్టీలుదే మేలు, ఎన్నిసార్లు మరిగించినా ఫరవాలేదు. ముక్కు సన్నగా ఉన్న గిన్నె చూసుకుని, బిడ్డను కాస్త నిటారుగా పట్టుకుని, పాలు పెదవికి తగిలేలా ఉంచితే వాడే చప్పరించి తీసుకుంటాడు. నోట్లో పోసేస్తే పొలమారుతుంది. సీసా పీకలాగా మూలమూలలా బ్రష్షు పెట్టి తోమే అవస్థ ఉండదు. పట్టణంలో ఒక పిల్లల దుకాణం వాళ్ళు బట్టలు కొన్నందుకు పాల సీసా బహుమతిగా ఇవ్వబోయారు. రెండేళ్ళ లోపు పిల్లల పాలపొడికి, పాల సీసాలకు ప్రచారం చేయడాన్ని, వాటి కోసం బహుమతులు ఇవ్వడాన్ని 1992 చట్టం నిషేధించిందని చెబితే, ఆ అమ్మాయి నన్ను విచిత్రంగా చూసి సీసా లోపల పెట్టేసింది. ఆరు నెలలు నిండాక ఉగ్గు మొదలుపెట్టినప్పుడు అదే గిన్నె, ఒక చిన్న చెంచా సరిపోయాయి. తేనె మాత్రం ఏడాది నిండేదాకా నాకించనివ్వలేదు.

తోపుడు బండి గురించి రాయాలంటే సిగ్గుగా ఉంది. 6,500 రూపాయలు. మా వీధి సిమెంటు రోడ్డు వెడల్పు ఒక ట్రాక్టరంత, ఒక పక్క కాలువ గట్టు, మరో పక్క ఆరబోసిన ధాన్యం. మూడుసార్లు బయటికి తీశాము. వానాకాలంలో మూల నిలబెట్టిన బండిని దీపావళికి విప్పితే మెత్త నిండా బూడిదరంగు బూజు. తొడుగు ఊడి వచ్చేదైతే ఉతికేవాళ్ళం, అది చట్రానికి కుట్టేసి ఉంది. ఇప్పుడు మామయ్యగారు దింపు రోజున పెరట్లోంచి కొబ్బరికాయలు తోసుకురావడానికి వాడుతున్నారు, ఆ పనికి దివ్యంగా ఉంది.

దానికి బదులు ఒంటికి కట్టుకునే నూలు క్యారియరు బాగా కలిసి వచ్చింది. బిడ్డ ముఖం మనకు కనబడాలి, గడ్డం గుండెకు ఆనకూడదు, మోకాళ్ళు పిరుదుల కంటే కాస్త పైకి ఉండాలి. ఈ మూడూ కుదిరే పట్టీలున్నది తీసుకోవాలి. దాన్ని కట్టుకుని మోటారుసైకిలు ఎక్కడం వేరే విషయం. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ళ పిల్లలకు బండి మీద రక్షణ పట్టీ, తలకు సరిపడే హెల్మెట్ ఉండాలని, వేగం గంటకు 40 కిలోమీటర్లు దాటకూడదని 2023 ఫిబ్రవరి నుంచి నిబంధన ఉంది. పాలకొల్లులోనూ భీమవరంలోనూ వెతికినా మావాడి తలకు సరిపడే హెల్మెట్ మాకు దొరకలేదు. మావారూ నేనూ మాట్లాడుకుని, బండి మీద తీసుకెళ్ళడమే మానుకుని ఆటో మాట్లాడుకుంటున్నాము. కారు ఉన్నవాళ్ళు వెనక సీటులో, వెనక్కి తిరిగి ఉండే పిల్లల సీటు కొనుక్కోవాలి. మా అన్నయ్యగారి కారులో అది బిగించి పుట్టింటికి వెళ్ళినప్పుడు వాడు అరగంట ఏడ్చాడు, రాజోలు దాటేసరికి నిద్రపోయాడు.

చిన్న సామానులో డిజిటల్ థర్మామీటరు, గోళ్ళు తీసే చిన్న కత్తెర, ముక్కు దిబ్బడకు సెలైన్ చుక్కలు చాలు. మూడు నెలల లోపు బిడ్డకు 100.4 డిగ్రీల ఫారెన్‌హీటు గానీ అంతకు మించి గానీ జ్వరం ఉంటే అర్ధరాత్రయినా ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాలి కనుక, తాకి చూసి చెప్పే జ్వరం మీద ఆధారపడలేము. నరసాపురం లేసు టోపీలు నాలుగు వచ్చాయి; అల్లిక అపురూపం, వాడకం రెండు ఫోటోలు.

వాకరు కొనవద్దని గట్టిగానే చెబుతాను. కెనడాలో 2004 నుంచి దాని అమ్మకమే నిషేధం. అది నడక నేర్పదు, పైగా మా ఇళ్ళలో వసారాకు మూడు మెట్లు, మెట్ల తరువాత వాకిలి, వాకిలి దాటితే కాలువ రేవు. చక్రాల మీద ఉన్న బిడ్డ ఆ దూరం వెళ్ళడానికి మనం పొయ్యి దగ్గర నుంచి తిరిగి చూసేంత సేపు చాలు. చెల్లెలి కొడుకు వాడిన వాకరు మాకు ఉచితంగా వచ్చినా తిప్పి పంపేశాము. ఎనిమిదో నెలలో పాకడం మొదలుపెట్టగానే వడ్రంగిని పిలిచి, వసారా ద్వారానికి రెండు పక్కలా గాడి పెట్టించి, అందులో పైనుంచి దింపే అడ్డపలక చేయించాము. వేపచెక్క, రెండడుగుల ఎత్తు, మొత్తం 900 రూపాయలు. తడిస్తే ఉబ్బి గాడిలో బిగుసుకుంటుంది, అప్పుడు దాన్ని తీయడానికి మా మామయ్యగారికి కూడా రెండు చేతులు కావాలి. ఈ ఒక్క వస్తువు విషయంలో ఆరకపోవడమే మాకు కలిసి వచ్చింది. మొన్న వరలక్ష్మీ వ్రతం నాడు చూస్తే పలక పట్టుకుని నిలబడి, అవతల ఆగిన కోడిని అదిలిస్తూ, ఒక కాలు పైకి వేయడానికి ప్రయత్నిస్తున్నాడు. ఇంకో అరడుగు పెంచమని వడ్రంగికి కబురు పెట్టాము.