మా డీటీపీ సెంటర్‌లో ఆరేళ్ల సబ్‌వర్షన్: తాళం సంగతి

కడపలో ఏడు రోడ్ల కూడలి నుంచి నడిచిపోయేంత దూరంలో మాదొక చిన్న డీటీపీ సెంటర్. మూడు సిస్టమ్‌లు, ముగ్గురు మనుషులు. తెలుగు నేను చూస్తాను, ఉర్దూ భాయ్ చూస్తాడు, డిజైన్లు ఒక అమ్మాయి చూస్తుంది. 2019 దసరాకు మా ఫైళ్లన్నీ సబ్‌వర్షన్‌లోకి ఎక్కించాం. ఏ ఫైల్‌లో ఎవరు ఎప్పుడు ఏం మార్చారో సర్వర్‌లో దాచిపెట్టే సాఫ్ట్‌వేర్ అది. విండోస్‌లో దాన్ని రైట్ క్లిక్‌తో నడిపించే టార్టాయిస్ ఎస్‌వీఎన్ రోజూ వాడేది. కమిట్ అంటే మన మార్పును సర్వర్‌కు ఎక్కించడం, అప్‌డేట్ అంటే అక్కడి కొత్తది తెచ్చుకోవడం. అంతకుమించి యూట్యూబ్ నిండా ఉంది, దాని జోలికి పోను. నేను రాసేది ఒక్క లాక్ గురించే. మేం తాళం అంటాం.

అంతకుముందు మా తాళం ఒక ఖాకీ కవరు. ప్రతి జాబ్‌కీ ఒకటి ఉండేది. రాతప్రతి, ప్రూఫులు, అడ్వాన్సు రాసిన చీటీ అన్నీ అందులోనే. కవరు ఎవరి టేబుల్ మీద ఉంటే ఫైల్ వాళ్లది. ప్రూఫు చూపించడానికి ఎవరో ఒకరు కవరు తీసుకుని బయటికి పోయినప్పుడే గొడవ. నేను ఒక సిస్టమ్‌లో, అమ్మాయి ఇంకో సిస్టమ్‌లో అదే ఫైల్ తెరిచేవాళ్లం. ఆఖరున సేవ్ కొట్టినవాళ్ల పని మిగిలేది, మిగతావాళ్లది గంగలో కలిసేది.

మా చెల్లెలి కొడుకు బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. వాడు మొదట ఇలాంటిదే ఇంకో సాఫ్ట్‌వేర్, గిట్, పెట్టి ఇచ్చాడు. మూడు వారాలు కూడా నిలవలేదు. ఒకే కార్డును భాయ్, నేను ఇద్దరం మార్చాం. రెండూ కలపడం తన వల్ల కాదు, ఏదో ఒకటి ఉంచుకోండి అంది గిట్. దాన్ని తప్పు పట్టడానికి లేదు. 2005లో లైనక్స్ కెర్నెల్ కోడ్ కోసం పుట్టింది గిట్. వరుసలుగా ఉండే అక్షరాలైతే ఇద్దరి మార్పులూ చక్కగా కలిపేస్తుంది. మేం కార్డులు డిజైన్ చేసే కోరల్‌డ్రా ఫైల్‌లో వరుసలెక్కడివి? పైగా మావి అను ఫాంట్లు. వాటితో కొట్టిన తెలుగు లోపల యూనికోడ్ కాదు, ఫాంట్ తీసేస్తే ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ కలిపి చల్లినట్టు కనిపిస్తుంది. అందులో తేడాలు చూపించమంటే అది మాత్రం ఏం చూపిస్తుంది పాపం. "మామా, మార్పులు కలిపేది మీకు పనికిరాదు, మనిషిని ఆపేది కావాలి" అని వాడే సబ్‌వర్షన్‌కు మార్చాడు. గిట్ పుట్టిన 2005లోనే సబ్‌వర్షన్‌కు 1.2 వర్షన్‌తో ఈ తాళం వచ్చింది.

మొదటి మూడేళ్లు నేను దాని భక్తుణ్ని. ఫైల్‌కి 'నీడ్స్ లాక్' అని ఒక గుర్తు పెడతాం. అప్పటినుంచి అది అందరి సిస్టమ్‌లోనూ రీడ్ ఓన్లీగానే ఉంటుంది. రైట్ క్లిక్ చేసి తాళం తీసుకున్నాకే సేవ్ అవుతుంది. నా చేతిలో ఉన్నంతసేపు ఇంకొకరు అడిగితే ఇవ్వదు, ఫలానావాళ్ల దగ్గర ఉందని చెబుతుంది. కమిట్ కొట్టగానే తాళం దానంతటదే వదిలేస్తుంది. దేవుని కడప బ్రహ్మోత్సవాల కరపత్రం, పెద్ద దర్గా ఉరుసు పోస్టర్లు వచ్చిపడ్డ వారాల్లో కూడా "ఎవరు తెరిచారు?" అన్న కేక వినపడలేదు. పక్క ప్రెస్ ఓనర్‌కు టీ తాగుతూ, "ఇది పెట్టుకో అన్నా, ఇక టెన్షనే ఉండదు" అని చెప్పింది నేనే. ఆ మాట ఇప్పుడు అంత గట్టిగా చెప్పలేను.

2023 రంజాన్ నెల. రంజాన్ తర్వాతి నెల షవ్వాల్‌లో పెళ్లిళ్లు ఉంటాయి కాబట్టి ముస్లిం ఇళ్ల కార్డులన్నీ రంజాన్‌లోనే మా మీద పడతాయి. ఒక హాజీ సాబ్ కొడుకు పెళ్లి, 450 కార్డులు. ఉర్దూ టైపింగ్ సాఫ్ట్‌వేర్ ఇన్‌పేజ్‌లో మేటర్ కొట్టి కోరల్‌లోకి తెచ్చింది భాయ్, తెలుగు వైపు నాది. సాయంత్రం హాజీ సాబ్ మనిషి వచ్చి, ఫంక్షన్ హాల్ దొరకలేదని వలీమా (పెళ్లి విందు) మధ్యాహ్నం 1 గంట నుంచి రాత్రి 8కి మార్చమన్నాడు. తాళం భాయ్ దగ్గరే ఉంది. ఉర్దూలో, తెలుగులో రెండుచోట్లా టైము మార్చాడు, తన సిస్టమ్‌లో సేవ్ కొట్టాడు. ఇఫ్తార్ వేళ దగ్గర పడింది. కమిట్ కొట్టకుండా లేచి వెళ్లిపోయాడు. నేనప్పుడు పేపర్ తేవడానికి బయటికి పోయాను, ఈ టైము మార్పు సంగతే నాకు తెలీదు.

రాత్రి 9 దాటాక హాజీ సాబే ఫోన్ చేశాడు. పిలిచేవాళ్లలో పెళ్లికొడుకు చిన్నాన్న పేరు మర్చిపోయామని, పొద్దునకల్లా కార్డులు కావాలని. వలీమా గురించి ఒక్క మాట లేదు, అది అయిపోయిన పనే అనుకున్నాడు మరి. ఫైల్ చూస్తే తాళం భాయ్ పేరున ఉంది. ఫోన్ చేశాను, ఎత్తలేదు. తరావీ నమాజులో ఉన్నాడు, ఎట్లా ఎత్తుతాడు? స్క్రీన్ ప్రింటింగ్ చేసే కుర్రవాడు గుమ్మంలో నిలబడి వాచీ చూసుకుంటున్నాడు.

టార్టాయిస్‌లో లాక్ అడిగే పెట్టెలో కింద చిన్న గడి ఒకటి ఉంటుంది, 'స్టీల్ ది లాక్స్' అని. దొంగిలించు అని దాని అర్థం. ఇంత పచ్చిగా పేరు పెట్టినవాళ్ల నిజాయితీకి దండం పెట్టాలి. టిక్ కొట్టాను. తాళం నాదైంది. చిన్నాన్న పేరు కలిపాను, కమిట్ కొట్టాను, ట్రేసింగ్ పేపర్ మీద ప్రింటు తీసి కుర్రవాడి చేతిలో పెట్టాను.

పొద్దున భాయ్ వచ్చి కమిట్ కొడితే, మీ కాపీ పాతది అంటూ తిప్పికొట్టింది. అప్‌డేట్ కొడితే కాన్‌ఫ్లిక్ట్, అంటే ఇద్దరి మార్పులూ ఢీకొన్నాయని. కార్డు ఫైల్ పక్కన చివర ఆర్ 3126, ఆర్ 3127 అని తోక తగిలించుకుని ఇంకో రెండు ఫైళ్లు. ఆయన మార్చిన ఫైల్ చెక్కుచెదరలేదు, రాత్రి 8 అని అందులో భద్రంగా ఉంది. కుర్రవాడు ఆరబెట్టిన 450 కార్డుల్లో మాత్రం మధ్యాహ్నం 1 గంట.

నా కోపం భాయ్ మీదికి పోయింది. అమ్మాయి ముందే అరిచాను. రుజువు చూపిద్దామని లాగ్, అంటే కమిట్ల చిట్టా, తెరిచాను. రాత్రి 9:42, నా పేరు, "చిన్నాన్న పేరు కలిపాను" అని నేనే రాసిన వాక్యం. దాని పైన గానీ కింద గానీ ఆ సాయంత్రం భాయ్ పేరు లేదు. నేను తాళం దొంగిలించిన ముక్క కూడా లేదు. అప్పుడు తెలిసింది, తాళాల రాకపోకలు సబ్‌వర్షన్ చరిత్రలోకి ఎక్కవు. ఆరేళ్ల నాటి కామా ఎవరు తీసేశారో చెప్పగలది, నిన్న రాత్రి తాళం ఎవరు లాక్కున్నారో గుర్తుపెట్టుకోదు. ఆ పూటకు అది నాకు మేలే చేసింది, కాదనను. కానీ భాయ్ నా మొహం చూసి, "అన్నా, ఫోన్ ఎనిమిది సార్లు చేసినారే, ఒక్క మెసేజ్ పెట్టింటే నమాజ్ అయినాక చూసేవాణ్ని కదా" అన్నాడు. ఏం చెప్పాలి?

ఖాళీ కార్డు ఒక్కోటి 18 రూపాయలు. 8,100 నా జేబులోంచి పోయాయి. అదే నంబర్ కార్డు మళ్లీ దొరకడానికి ఇంకో రెండు రోజులు.

ఇందులో తాళం తప్పు ఎంత అని నేను చాలాసార్లు లెక్కేసుకున్నాను. ఫైల్ ఎవరి దగ్గర ఉందో సరిగ్గానే చెప్పింది. ఆ మనిషి ఏం మార్చి పెట్టుకున్నాడో చెప్పలేదు, కమిట్ కాని పని దానికి కనపడదు. పాత ఖాకీ కవరైతే తెరిచి చూసినప్పుడు ఎర్ర పెన్నుతో కొట్టేసిన ప్రూఫు కనిపించేది. ఇది నాకు మింగుడు పడటానికి టైం పట్టింది.

అల్లుడు తర్వాత సర్వర్‌లో ప్రీ-లాక్ హుక్ అని, తాళం ఇచ్చేముందు నడిచే చిన్న స్క్రిప్టు పెట్టాడు. ఇప్పుడు దొంగిలించు అని టిక్ కొట్టినా పని జరగదు. దానివల్ల ఇంకో తంటా. మొన్న అమ్మాయి జ్వరంతో మూడు రోజులు రాలేదు, మూడు ఫైళ్ల తాళాలు ఆమె పేరునే. సర్వర్ సిస్టమ్ దగ్గర కూర్చుని, అల్లుడు ఫోన్‌లో చెబుతుంటే నల్ల తెరలో కమాండ్ కొట్టి విడిపించాను. ఇంకో దొంగదారి కూడా ఉంది: సేవ్ యాజ్ కొట్టి వేరే పేరు పెట్టుకోవడం. దానికి ఏ హుక్కూ లేదు, అమ్మాయిని బతిమాలుకోవడమే.

మిగతావి గబగబా. డిస్క్ బాగా తింటుంది, ప్రతి ఫైల్‌కూ మన సిస్టమ్‌లోనే ఇంకో కాపీ దాచుకుంటుంది. ఫొటోలు వేసిన ఫ్లెక్సీ ఫైళ్లు కూడా ఎక్కించి తప్పు చేశాను. తర్వాత డిలీట్ చేసినా సర్వర్‌లో ఫైళ్లు దాచే రిపాజిటరీ బరువు తగ్గదు. ఇప్పుడు ఫ్లెక్సీలు బయటే ఉంచుతున్నాం. ఫైల్ మీద కనపడాల్సిన తాళం బొమ్మ నా సిస్టమ్‌లో కనపడదు. విండోస్ ఇలాంటి బొమ్మలకు ఇచ్చేది 15 చోట్లే, క్లౌడ్ బ్యాకప్ సాఫ్ట్‌వేర్లు ముందే వచ్చి కూర్చున్నాయి.

అయినా వదిలేయలేదు. ముగ్గురం ఒకే గదిలో ఉంటాం, ఫైళ్లన్నీ కలపడానికి వీలులేని రకం, కరెంటు పోయినా యూపీఎస్ మీద సర్వర్ నడుస్తుంది. మా లెక్కకు ఇది సరిపోయింది. మీది కోడో, మామూలు యూనికోడ్ రాతో అయితే మా అల్లుడి మాట వినండి, గిట్ వాడండి. పదిమంది పదిచోట్ల ఉన్న ఆఫీసుకు ఇది పనికొస్తుందా అంటే నేను హామీ ఇవ్వను.

తాళం తీసుకునేటప్పుడు కారణం రాయడానికి ఒక పెట్టె ఉంటుంది. మూడేళ్లూ దాన్ని ఖాళీగానే వదిలేశాం. ఇప్పుడు భాయ్ అది నింపకుండా తాళం ముట్టడు. నిన్న ఒక కార్డు కోసం చూస్తే అందులో ఇట్లా ఉంది: "టైము మార్చినా, కమిట్ కాలేదు, చాయ్‌కి పోతున్నా, ముట్టుకోవద్దు అన్నా."